ఓబులమ్మ చేతులు

నా కాలి బొటనవేలు ఒకసారి అబద్ధం ఆడింది. ఆ వెంటనే నా నోరు అంతకంటే పెద్ద అబద్ధం ఆడింది. మొదటిదాన్ని తలుచుకుంటే నాకిప్పటికీ నవ్వొస్తుంది, సిగ్గు లేకుండా చెబుతున్నాను. రెండోది మాత్రం ఇన్నేళ్లుగా నా గుండె మీద నాపరాయిలా కూర్చుంది. దాన్ని మోస్తూనే ఉద్యోగం చేశాను, దాన్ని మోస్తూనే అంగడి పెట్టాను, పండగలకు కొత్త చీరలు కట్టుకున్నాను. ఆదివారం చర్చిలో మోకాళ్ల మీద ఉన్నప్పుడు కూడా ఆ ఒక్కటీ దాటేసి మిగతావన్నీ చెప్పుకునేదాన్ని. దేవుడికి ఎలాగూ తెలుసు కదా, మళ్లీ నేనెందుకు గుర్తుచేయడం అని.

మీకు చెబుతాను. ఇదేదో ఏడుపు కథ అనుకునేరు, ముందే చెప్పి ఉంచుతున్నాను. నా బతుకులో నేను నిజంగా గెలిచింది ఒక్కసారే. ఆ గెలుపును ఎవరికీ చెప్పుకోలేక నోరు కుట్టుకుని బతికాను. ఇవాళ తప్పుతో పాటు ఆ గెలుపు కూడా బయటికొస్తుంది. అందుకే కాబోలు, రాస్తుంటే చెయ్యి ఆగడం లేదు.

నంద్యాలలో పాలిటెక్నిక్ చదివే రోజులవి. రెండు వేల సంవత్సరం దాటి కొన్నేళ్లయింది. ఎలక్ట్రానిక్స్ క్లాసులో ఆడపిల్లలం కొద్దిమందిమే. నేనూ, రుద్రవరం నుంచి వచ్చి హాస్టల్లో ఉండే ఓబులమ్మా ఒకే బెంచీ. నేను వాగుడుకాయను. ఆమెకు మాట బయటికి రావాలంటే నేను రెండుసార్లు గిల్లాలి. ఆదివారం మధ్యాహ్నం మా ఇంట్లోనే అన్నం తినేది. మా అమ్మ నాకంటే ముందు ఆమెకు వడ్డించేది.

ఆమె చేతులు చూడాలి మీరు. సీసం కరిగించి బోర్డు మీద తీగలు అతికే సోల్డరింగ్ చేస్తే ప్రతి చుక్కా నున్నగా మెరుస్తూ కూర్చునేది. మా సారు ఆమె బోర్డును పైకెత్తి క్లాసంతా తిప్పి చూపించేవాడు. నా బోర్డును ఎప్పుడూ చూపించలేదు. తర్వాత జరిగినదానికీ దీనికీ ఏ సంబంధమూ లేదని చాలాకాలం నన్ను నేను నమ్మించుకున్నాను. నిజంగా లేదా? ఉంది. ఎందుకు లేదు!

చివరి ఏడాది ప్రాజెక్టులకు సారు హైదరాబాదు నుంచి మనిషి కదలికను పసిగట్టే సెన్సర్లు తెప్పించాడు. చిన్న బోర్డు, దాని మీద సగం గుడ్డు పెంకులాంటి తెల్లటి ప్లాస్టిక్ మూత. మన ఒంట్లోంచి వేడి కంటికి కనపడని వెలుగులాగా ఎప్పుడూ బయటికి పోతూనే ఉంటుందట. ఆ మూత వెనక ఉన్న కన్ను దాన్ని చూస్తుంది. ఒంటివేడి ఉన్నదేదైనా ముందునుంచి కదిలిపోతే వెంటనే కబురు పంపుతుంది. ఆ కబురు అందుకుని రిలే అనే చిన్న స్విచ్చి టిక్కుమంటుంది, బల్బో ఫ్యానో ఆన్ అవుతుంది. మొదటిసారి అది నా చెయ్యి చూసి టిక్కుమన్నప్పుడు ఒళ్లు జలదరించింది. నేను ముట్టుకోలేదు, పిలవలేదు. అయినా నేనొచ్చానని దానికి తెలిసింది!

మనిషి రాగానే లైటు దానంతటదే వెలిగి, ఫ్యాను తిరిగే గది నమూనా నేను చేశాను. అట్టపెట్టెకు రంగు కాగితాలు అంటించి, బొమ్మ కుర్చీలు పెట్టి, చూడ్డానికి పెళ్లిపందిరిలా ఉండేది. ఓబులమ్మ ఆ సెన్సరును పాలపొడి డబ్బాలో బిగించి, పాత స్కూటర్ హారన్ తగిలించింది. వాళ్ల నాయన శెనక్కాయ చేను నల్లమల అంచున ఉంది. రాత్రయితే అడవి పందులు దిగి చేనంతా తవ్విపోస్తాయి. పంట కాలమంతా ఆయనకు మంచె మీదే కాపలా, నిద్రన్నది లేదు. పంది వస్తే హారన్ మోగాలి, నాయన ఇంట్లో పడుకోవాలి. ఆమెకు కావలసింది అంతే. ఊరికి పట్టుకుపోయి చేలో పెట్టి కూడా చూసింది. మోగిందంట. ఊరినుంచి తిరిగొచ్చిన సోమవారం ఆమె ముఖం వెలిగిపోతూ ఉండింది.

ఆళ్లగడ్డలో ఒక కాలేజీ వెనకున్న రేకుల షెడ్డులో ఏప్రిల్ నెలలో పోటీ పెట్టారు. హైదరాబాదులో దొంగలొస్తే మోగే అలారాలు తయారుచేసే ఒకాయన వచ్చి చూస్తాడు, ఒక్కరికి ఉద్యోగం ఇస్తాడు. ఒక్కరికే. మా బ్యాచ్‌లో ఆ ఉద్యోగం కోసం కలగననివాళ్లు లేరు.

ఇక్కడ నా తెలివి చెప్పాలి. మధ్యాహ్నం పూట నా సెన్సరు మొద్దుబారిపోతోందని నేను ఇంట్లోనే కనిపెట్టాను. తెల్లవారితే చలాకీగా ఉండేది, ఎండ ముదిరితే ముందు నిలబడి నాట్యం చేసినా పలికేది కాదు. ఎందుకో తెలియదు. ఎవరినైనా అడగొచ్చు కదా? అడగలేదు. కాలింగ్ బెల్లు స్విచ్చి ఒకటి తెచ్చి, నొక్కితే రిలే పలికేలా కలిపి, పోటీ రోజు వైరు నా బల్ల కాలు పక్కనుంచి దింపి, కింద పరిచిన జంపఖానా అడుగున పెట్టాను. అవసరమైతేనే వాడతానని నాకు నేను చెప్పుకున్నాను.

పొద్దున్నే షెడ్డులో బల్లలు సర్దుకున్నప్పుడు నాదీ పలికింది, ఓబులమ్మదీ పలికింది. పొద్దెక్కేకొద్దీ రేకులు కాగి, షెడ్డు పెనంలా తయారైంది. రెండూ మూగబోయాయి. ఓబులమ్మ నా బల్ల దగ్గరికి వచ్చి నా సెన్సరు ముందు చెయ్యి ఊపింది. పలకలేదు. నా ముఖం చూసి, తన బల్ల దగ్గరికి వెళ్లిపోయింది.

మధ్యాహ్నం దాటాక ఆ హైదరాబాదు ఆయన వచ్చాడు. నేను చెప్పు విడిచి, కాలు జంపఖానా మీద పెట్టి నిలబడ్డాను. ఆయన చెయ్యి ఊపాడు. టిక్. బల్బు వెలిగింది, బుల్లి ఫ్యాను తిరిగింది. ఆయన వెనక్కి జరిగి, పిల్లిలా అడుగులో అడుగు వేసుకుంటూ వచ్చాడు. టిక్. వంగి వచ్చాడు, పక్కనుంచి వచ్చాడు, ఫైలు అడ్డం పెట్టుకుని వచ్చాడు. టిక్, టిక్, టిక్. ఆ మధ్యాహ్నం నా బొటనవేలికి వచ్చిన తెలివి నా తలకెప్పుడూ రాలేదు. నోటితో సెన్సరు గొప్పలు గడగడా చెబుతున్నాను, కిందనుంచి వేలు తన పని తాను చేసుకుపోతోంది. చుట్టూ చప్పట్లు. గెలిచానన్న పొగరు తలకెక్కింది. అబద్ధమెందుకు, చాలా బాగుండింది.

తర్వాత ఓబులమ్మ బల్ల. ఆయన డబ్బా ముందు నడిచాడు. హారన్ మోగలేదు. మళ్లీ నడిచాడు. మోగలేదు.

"ఏమ్మా, అడవిపంది వచ్చి మోగించేదాకా నన్ను ఇక్కడే ఉండమంటావా?" అన్నాడు. అందరూ నవ్వారు.

"రేత్రిపూట పనిచేస్తాది సార్. మా చేన్లో చేసింది," అంది ఓబులమ్మ. "ఈడ ఎండకో ఏమో..." అని నావైపు తిరిగింది. "నువ్వన్నా చెప్పవే. నీది కూడా తెల్లార్నే పలికింది, పొద్దెక్కినాక పలకలేదు గదా. నేను చూసినా గదా."

అందరూ నావైపు చూశారు. ఆయనా చూశాడు. నా కాలు ఇంకా జంపఖానా దగ్గరే ఉంది. ఎంతసేపు పట్టింది నాకు? అసలు ఆలోచించానా? నిజం చెప్పడానికి అరక్షణం చాలు, ఆ అరక్షణంలో హైదరాబాదు కనపడింది, ఆఫీసు కనపడింది, మెడలో గుర్తింపు కార్డు వేసుకున్న నేను కనపడ్డాను.

"నాది ఇప్పుడే పలికింది గదా, అందరూ చూసినారు," అన్నాను. "ఎండకేముంది? నీ సోల్డరింగే బాగలేదు. నీ చేతులు నిలకడగా ఉండవు ఓబులమ్మా. ముందునుంచి చెప్తానే ఉండా, నువ్వు ఇనవు."

నేను ముందెప్పుడూ అలా చెప్పలేదు. చెప్పానని అందరూ నమ్మారు. మా సారు కూడా నమ్మాడు. ఓబులమ్మ తన చేతులు రెండూ ముందుకు చాపి, వెనక్కీ ముందుకీ తిప్పి చూసుకుంది. నాకు కనిపించి తనకు కనిపించనిది వాటిలో ఏముందా అని వెతుకుతున్నట్టు చూసుకుంది. తర్వాత డబ్బాను సంచిలో వేసుకుని, రుద్రవరం దగ్గరే కదా, అటునుంచి అటే వెళ్లిపోయింది. మాతో నంద్యాలకు రాలేదు.

ఉద్యోగం నాకొచ్చింది. పోటీలో ఇచ్చిన కప్పు ఇంటికి పట్టుకొచ్చాను. మా నాయన దాన్ని టీవీ మీద పెట్టాడు.

ఇక నా అసలు గెలుపు. మే నెల. హైదరాబాదుకు పోవడానికి ఇంకా రోజులున్నాయి. మాది నాపరాళ్ల ఇల్లు, మధ్యాహ్నం గోడకు ఆనుకుంటే వీపు చురుక్కుమనేది. మా అమ్మ ప్రతి ఎండాకాలంలాగే కిటికీకి గోనెపట్ట కట్టి, బిందెలతో నీళ్లు చల్లేది. నేను సెన్సరును ఆ కిటికీ ఎదురుగా తలుపుల్లేని అరమారలో పడేసి ఉంచాను. వైర్లు పీకడానికి కూడా మనసొప్పలేదు, బల్బుతో సహా అలాగే ఉంది. దానివైపు చూడకూడదని దానికి వీపు పెట్టి పడుకునేదాన్ని.

ఆ పూట అమ్మ నీళ్లు చల్లి వెనక్కి తిరిగింది. టిక్.

లేచి కూర్చున్నాను. అమ్మ ఇటు నడిచింది. టిక్. అటు నడిచింది. టిక్.

"ఏందే అది, టిక్కు టిక్కుమంటాంది? మిట్టమద్దేనం బల్బేందీ, ఆర్పు," అంది అమ్మ.

నేను ఆర్పలేదు. గోనె ఆరిపోయేదాకా అలాగే కూర్చుని చూశాను. ఆరిపోయింది, సెన్సరు మూగబోయింది. మళ్లీ తడిపాను. పలికింది. ఆరబెట్టాను. మూగ. తడిపాను. టిక్! అప్పుడు తలలో లైటు వెలిగింది. ఈ కన్ను చూసేది ఉత్త వేడిని కాదు, ఒంటి వేడికీ వెనకున్న గోడ వేడికీ మధ్య తేడాను. మా నంద్యాల ఎండలో గోడా మనిషీ ఒకే వేడి. తెల్ల గోడ ముందు తెల్ల చొక్కా వేసుకున్నవాడు నడిస్తే దూరంనుంచి ఎవరికి కనపడతాడు? తడి గోనె ఒక్కటే చల్లగా ఉంటుంది. దాని ముందు మనిషి నడిస్తే నల్ల గుడ్డ ముందు తెల్ల చొక్కా అయిపోతాడు. గాలికి గోనె ఊగితే ఉత్తినే టిక్కుమంటోంది, కాబట్టి అడుగు అంచున ఇటుకలు కట్టాను. అంతే! మిట్టమధ్యాహ్నం, గోడలు సెగలు కక్కుతుంటే, ఏ స్విచ్చీ లేకుండా, ఏ వేలూ లేకుండా, నిజంగా పనిచేసింది. చెమటలు కారుతుంటే ఇల్లంతా గెంతాను. అమ్మను పట్టుకుని గిరగిరా తిప్పాను.

"గాలి గానీ సోకిందేమే నీకు?" అని అమ్మ నవ్వింది.

ఆ సంతోషంలో నాకు మొదట గుర్తొచ్చింది ఎవరనుకున్నారు? ఓబులమ్మే. తడి గోనెపట్టను గట్టిగా పిండేసి, సంచిలో కుక్కి, సెన్సరు పైన పెట్టుకుని, బస్టాండుకు పరిగెత్తి, రుద్రవరం పోవడానికి ఆళ్లగడ్డ బస్సు ఎక్కాను. సంచిలోంచి నీళ్లు కారి బస్సంతా తడి.

"ఏందమ్మా, చేపలు తెచ్చినావా?" అని కండక్టరు కసిరాడు. నేను పకపకా నవ్వాను. నీ చేతులు బంగారమే, తప్పంతా ఎండదే అని ఎలా చెప్పాలో, ఏ మాటతో మొదలుపెట్టాలో మనసులో పాఠంలా వల్లించుకుంటూ కూర్చున్నాను.

బస్సు దారి మధ్యలో శిరివెళ్ల చేరేసరికి ఆ పాఠంలో ఓబులమ్మ నోరు తెరిచింది. మరి ఆ పొద్దు నీది ఎట్ల పలికిందే?

చల్లటి గోనె నా ఒళ్లో ఉంది. నాకు మాత్రం ఒళ్లంతా కాలిపోయింది. ఎండకు సెన్సరు గుడ్డిదవుతుందని చెబితే, ఆ షెడ్డులో నాదొక్కటే గుడ్డిది కాకపోవడం ఎలా కుదురుతుంది? నా గెలుపు చెప్పాలంటే నా దొంగతనం చెప్పాలి. రెండూ ఒకే తాడుకు కట్టి ఉన్నాయి. శిరివెళ్లలో దిగిపోయాను. రోడ్డు దాటి, నంద్యాల బస్సు ఎక్కి, ఇంటికొచ్చేశాను.

పోటీలో చేసినదానికంటే ఆ దిగడమే పెద్ద తప్పు. పోటీలో భయపడి అబద్ధం చెప్పాననుకుందాం. శిరివెళ్లలో అంతా తెలిసి దిగాను. ఆమెది రాత్రిపూట పనిచేయాల్సిన యంత్రం. రాత్రి చల్లదనానికి ఏ గోనె అవసరమూ లేకుండా అది పనిచేసింది, పనిచేసేది. మేము దానికి మిట్టమధ్యాహ్నం పరీక్ష పెట్టాం, నేను ఫెయిలని చెప్పాను.

హైదరాబాదులో అంతా ఏసీ గదులు. సెన్సర్లన్నీ బంగారంలా పనిచేసేవి. ఒకసారి పాత క్లాసు అమ్మాయి కలిసి, ఓబులమ్మ సోల్డరింగ్ ఐరన్ ఎవరికో ఇచ్చేసిందంట అని చెప్పింది. డబ్బా విప్పేసి హారన్ మళ్లీ స్కూటర్‌కు పెట్టారంట. వాళ్ల నాయన మంచె మీదే ఉన్నాడంట. "సూదిలో దారం ఎక్కించమన్నా నా చేతులు నిలకడగా ఉండవని పక్కోళ్లకు ఇస్తాదంటనే," అని నవ్వింది. నేనూ నవ్వాను. ఆ రోజు నవ్విన ఆ నవ్వు కూడా ఈ లెక్కలోనే వేసుకోండి.

కొన్నేళ్లకు నంద్యాల తిరిగొచ్చి అలారాల అంగడి పెట్టుకున్నాను. మొన్నటి మే నెలలో ఒక బట్టల అంగడాయన వచ్చి, మధ్యాహ్నం పూట సెన్సరు మూగబోతోందని గొడవ పెట్టుకున్నాడు. గోనె తడిపి కట్టండి అని నోటిదాకా వచ్చింది. నా నోరు మాత్రం అలవాటైన దారినే పోయింది.

"బిగించినోడి చెయ్యి బాగలేదులేన్నా," అన్నాను.

బిగించినవాడు పక్కనే ఉన్నాడు. మా అంగట్లో పనిచేసే ఖాజా. నాకంటే పెద్దవాడు, ముక్కుసూటి మనిషి.

"నా చేతికేమైందమ్మా? నా చెయ్యి తప్పు చేయదు. ఇంగేదో ఉండాది, చూడు," అన్నాడు కస్సుమని.

అబ్బ, ఎంత హాయిగా అనిపించిందో! ఇన్నేళ్లకు ఒకరు నా అబద్ధాన్ని నా ముఖానే కొట్టారు. ఆ ఒక్క మాట ఆ పొద్దు ఓబులమ్మ అని ఉంటే నా బతుకెలా ఉండేదో! ఎందుకనలేదు? నేను చెప్పాను కాబట్టి. నన్ను నమ్మింది కాబట్టి.

మర్నాడు ఆళ్లగడ్డ బస్సు ఎక్కాను. ఈసారి పొడి గోనె. శిరివెళ్ల వచ్చింది. ముందు సీటు కమ్మీని రెండు చేతులా పట్టుకుని కూర్చున్నాను. బస్సు కదిలింది. నేను దిగలేదు!

రుద్రవరం చేరేసరికి మిట్టమధ్యాహ్నం. ఓబులమ్మ వాకిట్లో శెనక్కాయలు ఒలుస్తోంది. చూసి లేచింది. నీళ్లు కావాలన్నాను. చెంబుతో తెచ్చిచ్చింది. తాగకుండా సంచిలోంచి గోనె తీసి దాని మీద పోశాను. ఆమె బిత్తరపోయింది.

"ఇంకా కావాల. బిందెడు తే," అన్నాను.

గోనెను దండెం మీద వేసి, అడుగున రాళ్లు కట్టి, ఎదురుగా స్టూలు మీద సెన్సరూ బ్యాటరీ పెట్టాను. హారన్ కూడా తెచ్చాను, స్కూటర్‌దే. నడువు అన్నాను. నడిచింది. ఆ ఎండలో, ఆ వాకిట్లో, హారన్ వీధి దద్దరిల్లేలా మోగింది. కోళ్లు చెల్లాచెదురయ్యాయి. పక్కింటివాళ్లు బయటికొచ్చారు. నేను కేక పెట్టాను, చప్పట్లు కొట్టాను, కళ్లల్లో నీళ్లు వస్తుంటే తుడుచుకోవడం కూడా మరిచిపోయాను. గోనె తీసేశాను. మళ్లీ నడవమన్నాను. మూగ. అప్పుడు చెప్పాను. ఎండ గురించి, జంపఖానా కింద స్విచ్చి గురించి, శిరివెళ్ల గురించి. ఏదీ దాచలేదు.

ఓబులమ్మ గోనెను తనే మళ్లీ దండెం మీద వేసి, ఇంకోసారి నడిచింది. హారన్ మోగింది. ఆగి, ఇంకోసారి నడిచింది.

"అయితే నా చేతులు బాగుండాయా?" అంది.

"బాగుండాయి."

"నాకొక్కదానికి చెప్తాండావ్. ఆ పొద్దు షెడ్డులో అందరి ముందర గదా అన్నావ్. అందరికీ చెప్పు." స్టూలు వైపు చూపించి, "అది ఈడ పెట్టి పో," అంది.

కూర్చోమనలేదు. క్షమించానని అనలేదు. నేనూ అడగలేదు. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే వడగాలి ముఖాన కొట్టింది. అయినా చల్లగా ఉండింది నాకు.

అందుకే ఇది రాశాను. నా పేరు మాత్రం పెట్టలేదు. పేరు దాచుకుంటున్నావు గదే అని ఓబులమ్మ అంటే ఒప్పుకుంటాను. ఆ పొద్దు రేకుల షెడ్డులో ఉన్నవాళ్లు చదివితే నేనెవరో ఇట్టే పట్టేస్తారు. పట్టుకోనీ. నవ్వినవాళ్లూ, చప్పట్లు కొట్టినవాళ్లూ, మా సారూ, హైదరాబాదు నుంచి వచ్చిన ఆయనా, అందరూ వినండి. ఆ పొద్దు నాది పలకలేదు, నా వేలు పలికింది. ఆమెది చెడిపోలేదు. ఓబులమ్మ చేతులు బాగున్నాయి. అప్పుడూ బాగున్నాయి.